డాక్టరమ్మకు ఉత్తరం: కాలేజీ గోడ మీద ఏం రాయాలి?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. పలమనేరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పోయిన ఏడాది ఇంటర్ చదివే అమ్మాయి ఒకరు గర్భం వచ్చి చదువు మానేసింది. అప్పటి నుంచి అవగాహన కార్యక్రమం పెట్టాలని పెద్దలు పట్టుబడుతున్నారు. ‘ఒక్క తప్పటడుగు, కన్నవాళ్లకు తలవంపులు’ అని గోడపత్రికలు కూడా అచ్చు వేయించారు. అబ్బాయిలను బయటికి పంపి అమ్మాయిలకే చెప్పాలట. మాట్లాడాల్సింది నేను. వివరంగా చెబితే పిల్లల్లో లేనిపోని ఆలోచనలు పుడతాయేమోనని భయంగా ఉంది.
– ఒక అధ్యాపకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ గోడపత్రికలు అంటించకుండా ఆపించండి. తిరుపతిలో ఇన్నేళ్లుగా కాన్పులు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చిన పెళ్లికాని పిల్లల్లో ‘తలవంపులు’ అన్న మాట ఇంట్లో వినని పిల్ల లేదు. ఆ మాట వాళ్లను ఆపలేదు. ఆసుపత్రికి రాకుండా మాత్రం ఆపింది. నెల తప్పిన వెంటనే వస్తే డాక్టరు చూసి ఇచ్చే మాత్రలతో తీరిపోయేదాన్ని ఐదో నెల దాకా చున్నీ కింద దాచుకుంటారు. ‘కడుపు ఉబ్బరంగా ఉందంటోందమ్మా, గ్యాసుకు ఏమైనా రాసివ్వండి’ అంటూ తల్లి వెంటబెట్టుకొస్తుంది. బల్ల మీద పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల బిడ్డ కదులుతుంటుంది. ఆ పిల్ల నా మొహం చూడదు. తిరుగుతున్న ఫ్యాను వైపే చూస్తుంటుంది.

భయపెట్టి చూసినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. న్యూయార్క్ నగరం 2013లో ఏడుస్తున్న పసిపిల్లల బొమ్మలతో పోస్టర్లు వేస్తే, చిన్న వయసు తల్లులను అవమానిస్తున్నారన్న విమర్శలు వచ్చాయి. ఆస్ట్రేలియాలోని పెర్త్ ప్రాంతపు బడుల్లో, పిల్లల పెంపకం ఎంత కష్టమో తెలియాలని, రాత్రిళ్లు ఏడ్చే యంత్రపు బొమ్మను అమ్మాయిలకు ఇచ్చి ఇంటికి పంపారు. ఫలితం 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది: ఇరవై ఏళ్లు వచ్చేలోపు, బొమ్మ తీసుకున్నవాళ్లలో నూటికి 17 మంది, తీసుకోనివాళ్లలో 11 మంది గర్భవతులయ్యారు.

ఇక చెబితే ఆలోచనలు పుడతాయన్న భయం. పిల్లల చేతిలో ఫోను ఉంది, ఆలోచనలు మీ కోసం ఆగలేదు. పేరు రాయకుండా చీటీలు వేయమని ఒక అట్టపెట్టె పెట్టండి. నేను కాలేజీలకు వెళ్లినప్పుడు అదే చేస్తాను. ‘మొదటిసారికే గర్భం వస్తుందా?’ అని ఒకరు, ‘ఫోటోలు దాచి బెదిరిస్తున్నాడు, ఎవరికి చెప్పాలి?’ అని ఇంకొకరు. మొదటిదానికి జవాబు: వస్తుంది. రెండోదానికి: సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, కానీ అంతకన్నా ముందు మీలాంటి ఒక టీచరుకు చెప్పుకోగలగాలి.

నెలసరి వారం ఆలస్యమైతే మందుల షాపులో దొరికే పట్టీతో మూత్ర పరీక్ష చేసుకోవచ్చని చెప్పండి. ఆ షాపులోనే గర్భం పోయే మాత్రలు కొని మింగవద్దని గట్టిగా చెప్పండి. రక్తం ఆగక వచ్చిన పిల్లలను చూశాను. చట్టం 20 వారాల దాకా ఒక డాక్టరు నిర్ణయంతో, మైనర్లకు ఇద్దరు డాక్టర్ల నిర్ణయంతో 24 వారాల దాకా గర్భస్రావానికి అవకాశం ఇస్తోంది. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు సంరక్షకుల సంతకం కావాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి కేసులను డాక్టరు పోలీసులకు తెలపాలి. అయితే అమ్మాయి, ఆమె సంరక్షకులు కోరితే పేరు చెప్పనక్కరలేదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఇంట్లో కూర్చుండిపోయారో!

అబ్బాయిలను మాత్రం బయటికి పంపకండి. పద్దెనిమిది నిండని అమ్మాయి ‘ఇష్టమే’ అన్నా చట్టం దాన్ని అంగీకారంగా చూడదు. పదిహేడేళ్ల కుర్రాడు కూడా మైనర్ల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాలి. ఇది వాళ్లకు ఎవరు చెబుతారు?

గోడపత్రిక కావాలంటే కొత్తది రాయించండి. మీకు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో టీనేజీ పిల్లల కోసం నడిపే కౌమార క్లినిక్ ఏ గదిలో, ఏ రోజున నడుస్తుందో కనుక్కుని అది వేయించండి.

ఒక్క మాట. చదువు మానేసిన ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో మీ ఉత్తరంలో లేదు. దయచేసి వెళ్లి కలవండి. ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ పూర్తి చేయవచ్చని చెప్పండి.

ప్రశ్న: మా పాపకు పదహారేళ్లు. రోజులు బాగాలేవు, ఏదైనా జరగకముందే పెళ్లి చేసేద్దామని మా ఆయన అంటున్నారు. సంబంధం కూడా వచ్చింది.
– ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: వద్దమ్మా. మీ ఆయన దేనికి భయపడుతున్నారో పెళ్లి చేస్తే అదే జరుగుతుంది: చిన్న వయసులో కాన్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భవతులో అని తేల్చింది. దేశం మొత్తం మీద అది 6.8. వీళ్లలో ఎక్కువమంది మెడలో తాళి ఉన్నవాళ్లే. రక్తం చాలని పిల్లకు కాన్పు ఎంత గండమో, పెళ్లయినా అంతే గండం. పైగా 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఈ పెళ్లి జరిపించినవాళ్లకు శిక్ష పడుతుంది. మీ ఆయనను తీసుకుని నా దగ్గరికి రండి, మాట్లాడతాను. ఈలోగా ముహూర్తం పెట్టేస్తే మీరైనా, పాపైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.