రాగి కేకు పొడిపొడిగా రాలిపోతుంటే
అక్కా, పాప పుట్టినరోజుకని మైదా లేకుండా చేసిన రాగి కేకు కోస్తుంటే పొడిపొడిగా రాలిపోతోందన్నారు కదా. రాగుల్లో గ్లూటెన్ ఉండదు, పిండిని పట్టి ఉంచేది అదే. సగం గోధుమపిండి కలిపి జల్లించండి. పాలకు బదులు పుల్లపెరుగు పోస్తే వంటసోడా బాగా పనిచేస్తుంది. మన చిత్తూరు బెల్లమైతే కరిగించి, వడగట్టి, చల్లారాకే కలపండి.

ఓవెన్ లేదని టెన్షన్ వద్దు. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, స్టాండ్ మీద గిన్నె పెట్టి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, నీళ్లు పోయకుండా సన్నమంట మీద 40-45 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. వేడి మీద కోయొద్దు, ఇదేం సంగటి కాదుగా! క్రీమ్ మాత్రం వద్దే వద్దు, తిరుపతి ఎండకి కొవ్వొత్తులు ఆర్పేలోపే కారిపోతుంది. వేయించిన శనక్కాయ విత్తనాలు కచ్చాపచ్చాగా దంచి పైన చల్లండి.