డప్పుకి మంట ఎక్కడ పెడుతున్నావే?

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. యూనివర్సిటీలో చదువుకునే ఆఫ్రికా కుర్రాళ్ళు, ఊద్ అనే అరబ్బుల తీగ వాయిద్యం వాయించే ఆయన, అరకు నుంచి థింసా గిరిజన నృత్యం వాళ్ళు, వీళ్ళందరితో కలిసి నువ్వు వీణ వాయిస్తావంట, అదీ అక్టోబర్లో, అదీ బీచ్ దగ్గర ఆరుబయట. ఒకపక్క గర్వంతో పొంగిపోయాను, ఇంకోపక్క నిద్ర పట్టలేదు.

ముందు ఆ అక్టోబర్ మానెయ్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ తుఫానుకి మా కిటికీ ఎగిరిపోయి నా రెండు మృదంగాలు నానిపోయాయి. ఊరంతా చెట్లు పడిపోయాయని బాధపడుతుంటే నేను ఉబ్బిన తోలు పట్టుకుని ఏడ్చానని మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది. జనవరిలో పెట్టుకో, తేమ తక్కువ.

పర్మిషను, మైకులు, భోజనాలు నీకు తెలిసినవే. డబ్బులు మాత్రం అందరికీ ఒకటే ఇవ్వు, ముందే చెప్పు.

శ్రుతి దగ్గర పంతం పట్టకు. ఆ ఆఫ్రికా అబ్బాయి వాయించే కోరాకి 21 తీగలు, అన్నీ మళ్ళీ సవరించమంటే ఆ అబ్బాయికి పూట గడిచిపోద్ది. థింసా వాళ్ళ మోరీ ఊదుడు వాయిద్యం, అది ఎక్కడుంటే అక్కడే. నా మృదంగమే అరకట్ట శ్రుతి అటూ ఇటూ తప్ప కదలదు. కదలగలిగింది నువ్వే, నువ్వే కదులు. ఊద్‌కి మెట్లుండవు, వాళ్ళ స్వరాలు కొన్ని మన రెండు మెట్ల మధ్యలో పడతాయి, అపస్వరం అని మొహం పెట్టకు, తీగ లాగి వెతుక్కో. అన్నట్టు ఆ కోరా బుర్ర కూడా మన వీణ మెడ దగ్గరి చిన్న బుర్రలాంటి ఎండిన సొరబుర్రే, దాని మీద ఆవుతోలు బిగిస్తారు, ఓసారి అడిగి ముట్టుకుని చూడు. అడక్కుండా ముట్టుకోకు.

ఇక అసలు విషయం. నాకు ముప్పై కూడా లేవు, ఒక హాల్లో ప్రోగ్రాంకి నేనే అన్నీ చూశాను. అరకు వైపు నుంచి థింసా వాళ్ళని పిలిచి చివర్లో ఎనిమిది నిమిషాలిచ్చాను. వానాకాలం, దారంతా తడిసి డప్పులు మెత్తబడిపోయాయి. పెద్దాయన వచ్చి "కాస్త ఎండుగడ్డి ఉంటాదా బాబూ, కాచుకోవాలి" అన్నాడు. హాల్లో నిప్పేంటయ్యా అని కసిరేశాను, బయట వరండాలో చోటు చూపిద్దామన్న ఆలోచన కూడా రాలేదు నాకు. స్టేజీ మీద డప్పు కొడితే తడిగోడ మీద అరచేత్తో కొట్టినట్టుంది, జనం నవ్వారు, నేను మైకులో "అడ్జస్ట్ అవ్వండి, పల్లె కళ కదా" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. దిగి వెళ్తూ ఆయన మెల్లగా అన్నాడు, "మీ మద్దెలకి రవ్వముద్ద ఎట్టుకోడానికి అరగంట ఇచ్చినారు, మా డప్పుకి గుప్పెడు మంట ఇవ్వలేకపోనారేటి బాబూ." మృదంగం ఎడమవైపు అంటించే ఆ రవ్వ నా వేళ్ళకి ఇంకా అంటుకునే ఉంది. ఒక్క మాట రాలేదు నాకు. తర్వాత రెండుసార్లు అరకు వెళ్ళి వెతికాను, ఆయన దొరకలేదు.

అందుకని వచ్చేవాళ్ళందర్నీ ముందే ఒక్కటి అడుగు, మీ వాయిద్యానికి ఏం కావాలి అని. నీడా, ఎండా, నిప్పా, గంట టైమా. అడిగింది ఇవ్వు.

సంప్రదాయం పాడవుతోందని ఎవరైనా అంటే పోట్లాడకు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించిన వయొలిన్ ఎక్కడి నుంచి వచ్చిందో అడుగు చాలు.

నీ వీణని ఎండలో కార్లో వదిలావో, మైనం కరిగి మెట్లు జారిపోతాయి, అప్పుడు నా దగ్గరకొచ్చి ఏడవకు. సర్లే, ఏడిస్తే ఇక్కడికే రా, ఇంకెక్కడికి పోతావు.

ఎండుగడ్డి నేను తెస్తాను, స్టేజీ వెనకాల ఇసకలో మంట కూడా నేనే చూసుకుంటాను. నిప్పు సంగతి మీ అమ్మకి చెప్పకు.

మామయ్య