బావి పొడవు రెట్టింపు చేస్తే చమురూ రెట్టింపవుతుందా?

ప్రశ్న: కాకినాడలో బీటెక్ పెట్రోలియం ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ‘మల్టీలేటరల్ బావుల ఉత్పాదకతపై పొడవు ప్రభావం’ (మల్టీలేటరల్ అంటే ఒకే బావికి అనేక కొమ్మలు) అనే అంశాన్ని ఫైనలియర్ ప్రాజెక్టుగా తీసుకోమంటున్నారు. ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: తప్పకుండా తీసుకోండి. రిజర్వాయర్, ప్రొడక్షన్ ఇంజినీర్ ఉద్యోగాలకు నేరుగా పనికొచ్చే అంశమిది. కాకపోతే చాలామంది ఫార్ములాలో పొడవు మార్చుకుంటూ పోయి, పైకెళ్లే గీత ఒకటి గీసి ఆపేస్తారు. అది సగం పనే.

ముందు కొమ్మలు లేని ఒక్క హారిజాంటల్ (పొరలో అడ్డంగా సాగే) బావికి, అది ఎంత ఇస్తుందో అంచనా వేసే జోషి సమీకరణాన్ని ఎక్సెల్‌లో వేయండి. పొర మందం 20 మీటర్లు, డ్రైనేజీ వ్యాసార్ధం (బావికి చమురు చేరే ప్రాంతపు వ్యాసార్ధం) 800 మీటర్లు, బావి వ్యాసార్ధం 0.1 మీటరు, పర్మియబిలిటీ (రాయి ద్రవాన్ని పారనిచ్చే గుణం) అన్ని దిక్కులా ఒకటే అనుకోండి. పొడవును 300 నుంచి 600 మీటర్లకు పెంచితే ప్రొడక్టివిటీ ఇండెక్స్ (ఒక్కో బార్ ఒత్తిడి తేడాకు వచ్చే ఉత్పత్తి) 46 శాతమే పెరుగుతుంది. 1200 చేస్తే 300 మీటర్లప్పటికి రెండున్నర రెట్లవుతుంది. ఈ అంకెలు రాకపోతే బావికి చమురు చేరే దీర్ఘవృత్తపు అర్ధాక్షం లెక్కలో నాలుగో ఘాతం సరిచూసుకోండి.

ఈ సమీకరణంలో బావి లోపలి ఘర్షణ లేదు. అసలు విషయం అక్కడే ఉంది. హీల్ (బావి అడ్డంగా మళ్లే మొదలు) దగ్గర డ్రాడౌన్ (రాయిలోని ఒత్తిడికీ బావిలోని ఒత్తిడికీ తేడా) 3 బార్లు ఉండి, గొట్టంలో ఘర్షణకు 1.5 బార్లు పోతే, టో (బావి చివరి కొస) దగ్గర రాయి నుంచి చమురును లాగేది సగం ఒత్తిడే. అక్కడ ఇంకో 200 మీటర్లు తవ్వినా వచ్చేది కొద్దిగానే. పైగా హీల్ దగ్గర నీరు, గ్యాస్ ముందుగా చొరబడతాయి. నార్వేలోని ట్రోల్ క్షేత్రంలో బావిలోకి వచ్చే ప్రవాహాన్ని పొడవునా సమం చేసే ఇన్‌ఫ్లో కంట్రోల్ పరికరాలు దించింది ఇందుకే. టర్బులెంట్ (సుడులు తిరిగే) ప్రవాహంలో ఒత్తిడి నష్టం వ్యాసపు అయిదో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి వ్యాసం 10 శాతం తగ్గితే ఘర్షణ దాదాపు 70 శాతం పెరుగుతుంది. పర్మియబిలిటీ తక్కువున్న రాయిలో డ్రాడౌన్ ఎక్కువ, ప్రవాహం తక్కువ. అక్కడ ఈ బెడద పెద్దగా ఉండదు, పొడవు పెంచుకోవచ్చు. ఈ రెండు రకాల రాళ్లకూ గీతలు పక్కపక్కన వేయండి.

ఆ తర్వాతే కొమ్మలు కలపండి. జంక్షన్ (కొమ్మలు కలిసే చోటు) దగ్గర ఒత్తిడి అన్నిటికీ ఒకటే కాబట్టి బలమైన కొమ్మ బలహీనమైనదాన్ని అణిచేస్తుంది. మరీ దగ్గరగా తవ్వితే రెండూ ఒకే చమురును పంచుకుంటాయి. 1953లో సోవియట్ యూనియన్‌లోని బష్కీరియాలో ఇంజినీర్ గ్రిగోర్యాన్ తవ్వించిన 66/45 బావికి 9 కొమ్మలు. పక్క బావులు రోజుకు 7 ఘనపు మీటర్లిస్తే అది 120 ఇచ్చింది. ఖర్చు ఒకటిన్నర రెట్లే. మీ రిపోర్టులో ఈ ఉదాహరణ ఉండాలి.

గేట్ పెట్రోలియం పేపర్‌కు కావాల్సిన డార్సీ ప్రవాహం (రాతి రంధ్రాల గుండా ద్రవం పారే తీరు), ఐపీఆర్ (బావి ఒత్తిడికీ ఉత్పత్తికీ ఉన్న సంబంధం) ఈ పనిలోనే గట్టిపడతాయి. సిమ్యులేటర్ లైసెన్సు కాలేజీలో లేకపోతే పైథాన్ చాలు. బావిని 20 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో చేరే ప్రవాహాన్నీ ఒత్తిడి నష్టాన్నీ కలిపి, అంకెలు నిలకడపడేదాకా తిప్పండి. ఇంటర్వ్యూలో “ఎన్ని మీటర్ల దగ్గర ఆపుతావు, ఎందుకు?” అని అడిగితే చూపించాల్సింది ఆ గ్రాఫే.