ఎమ్మెల్యే గ్రూపులో రోడ్డుకు నిధులు మంజూరయ్యాయని మెసేజ్ వచ్చింది. పని ఎప్పుడు మొదలవుతుంది?

ఈ ప్రశ్న అడిగినవారు తిరుపతి శివార్లలో ఉంటున్నామని, మెసేజ్ వచ్చి నెలలు గడిచినా కంకర కూడా పడలేదని రాశారు.

నిధులు మంజూరయ్యాయంటే చాలాసార్లు పరిపాలనా అనుమతి (ఆ పనికి, ఖర్చుకు ప్రభుత్వ ఆమోదం) వచ్చిందని అర్థం. ఆ తర్వాత ఇంజనీర్ల సాంకేతిక అనుమతి, టెండరు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు. అగ్రిమెంటు అయ్యాకే గడువు లెక్క మొదలవుతుంది. పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు టెండరు వేయకపోతే పని అక్కడే ఆగిపోతుంది. నా దృష్టిలో ఎక్కువ ఆలస్యం ఇక్కడే.

అందుకే గ్రూపులో భూమిపూజ ఫొటో వస్తే, అందులో కొబ్బరికాయ కన్నా శిలాఫలకం మీద అక్షరాలు చూడండి. పథకం పేరు, అంచనా విలువ, శాఖ సాధారణంగా దాని మీద ఉంటాయి. శాఖ తెలియడం ముఖ్యం: వీధి రోడ్డయితే కార్పొరేషన్, పల్లె రోడ్డయితే పంచాయతీరాజ్, పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ). ఎమ్మెల్యే పని అడిగి తేగలరు, వెంటపడగలరు. బిల్లు రాసేది మాత్రం ఇంజనీరే.

ముందు వార్డు సచివాలయంలో రోడ్లు, నీళ్ల లాంటి సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీని కలవండి. "టెండరు అయిందా, అగ్రిమెంటు తేదీ ఎంత?" అని సూటిగా అడగండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోండి. కాగితాలే కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

గ్రూపులో అడిగేటప్పుడు కూడా "రోడ్డు ఎప్పుడండీ?" అనకుండా వీధి పేరు, అర్జీ నంబరు పెట్టండి. ఎమ్మెల్యే గారి పీఏ ఆ నంబరు పట్టుకుని నేరుగా ఇంజనీరుకు ఫోన్ చేయగలరు.