ఊసరవెల్లికీ సముద్రపు మెరుపుకీ చుట్టరికం

ప్రశ్న: సార్, మా పెరటి చింతచెట్టు మీద పచ్చగా ఉన్న ఊసరవెల్లి, మేము దగ్గరికి వెళ్లగానే ఒళ్లంతా నల్లమచ్చలు తెచ్చుకుంది. విషపుదని నానమ్మ కర్ర తీసింది. మొన్న ఫోనులో, సముద్రంలో నీలంగా మెరిసి అంతలోనే మాయమయ్యే సఫిరినా అనే ప్లవకాన్ని (నీటిలో తేలాడే చిన్న జీవిని) చూశాను. ఈ రెండింటి రంగూ ఒకటేనా?
– డిగ్రీ విద్యార్థిని, పరకాల

జవాబు: ముందు ఆ కర్ర పక్కన పెట్టించమ్మా. ఊసరవెల్లికి విషం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ కూడా ఉంది.

రెండింటిలోనూ వెలుగును తిప్పికొట్టేది ఒకే పదార్థం, గ్వానైన్. మన డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటి. దాన్ని చూడటానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. హనుమకొండలో జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో ఆదివారం బొచ్చె చేప కొన్నప్పుడల్లా పొలుసులు పొట్లం కట్టించుకుని, సోమవారం తరగతికి తీసుకువెళ్లేవాణ్ణి. పొలుసును బొటనవేలితో రుద్దితే వేలికి వెండి పొడి అంటుతుంది. గ్వానైన్ స్ఫటికాలే అవి. కృత్రిమ ముత్యాలకు మెరుపు పూసిందీ ఇలాంటి పొడితోనే.

మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి చర్మంలో ఈ స్ఫటికాలు ఏం చేస్తాయో 2015లో జెనీవా శాస్త్రవేత్తలు తేల్చారు. నెమ్మదిగా ఉన్నప్పుడు స్ఫటికాలు దగ్గరదగ్గరగా ఉండి నీలాన్ని తిప్పికొడతాయి. చర్మంలోని పసుపు వర్ణకం కలిసి పచ్చగా కనిపిస్తుంది. మగది ప్రత్యర్థిని చూసి రెచ్చిపోయిందా, స్ఫటికాల మధ్య ఎడం పెరిగి ఒళ్లు పసుపు, నారింజ రంగులకు తిరుగుతుంది. మీరు చూసిన నల్లమచ్చలు మాత్రం మెలనిన్ అనే నల్ల వర్ణకం పని. పాపం, మిమ్మల్ని చూసి బెదిరింది.

సఫిరినా రొయ్యల బంధువు, పొడవు కొన్ని మిల్లీమీటర్లే. మెరుపు మగవాటికే, ఆడవి గాజులా పారదర్శకం. వీటిలో గ్వానైన్ పలకలు దొంతరగా ఉంటాయి, పలకల మధ్య ఎడాన్ని బట్టి రంగు. కొన్ని జాతుల్లో ఈదుతూ ఒళ్లు వాల్చగానే, తిరిగివచ్చే వెలుగు అతినీలలోహితంలోకి జారిపోతుంది. అది మన కంటికి ఆనదు కాబట్టి జీవి మాయమైనట్టే! నాకు ఇన్నేళ్లకూ ఒళ్లు పులకరించే సంగతి ఇది.

ఒక్క అనుమానం. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మనవాళ్లు అంటారు గానీ, రెండూ వేరు వేరు కుటుంబాలు. కంచె మీద ఎర్రతల ఊపేది తొండ. మీ చింతచెట్టు మీద ఉన్నదాని తోక చుట్ట చుట్టుకుందా, రెండు కళ్లూ చెరోవైపు తిరిగాయా? దూరం నుంచే చూసి రాయమ్మా.