టెక్ సందేహాలు: స్టవ్ పైపు జాయింట్ల నుంచి నల్ల జిడ్డు కారుతుంటే

ప్రశ్న: ఇంట్లో కట్టెల స్టవ్ పెట్టుకున్నాం. పైపు ముక్కలు నేనే బిగించాను. వారం తిరక్కుండానే జాయింట్ల దగ్గర నల్లటి జిడ్డు కారుతోంది, వాసన ఘాటుగా ఉంది. సిలికాన్ పూస్తే సరిపోతుందా?

సిలికాన్ జోలికి వెళ్లకండి. మామూలు సిలికాన్ ఆ వేడికి నిలవదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ముక్కలు తలకిందులుగా బిగించారనిపిస్తోంది. అది సరిచేసేదాకా దయచేసి స్టవ్ వెలిగించకండి.

ప్రతి ముక్కకూ ఒక కొసను ముడతలు ముడతలుగా నొక్కి కాస్త సన్నగా చేసి ఉంటారు. ఆ సన్నని కొస కిందికి, అంటే స్టవ్ వైపు ఉండాలి. చాలామంది తిరగేసి పెడతారు. పొగ పైకి పోతుంది కాబట్టి కింది ముక్క పై ముక్కలో దూరాలని అనుకుంటారు. కానీ పొగలో నీటి ఆవిరి ఉంటుంది, సరిగా కాలని తారు ఉంటుంది. పైపు లోపల వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే అవి గోడలకు పట్టుకుని కిందికి కారతాయి. దాన్నే క్రియోసోట్ అంటారు. సీసాలో గరాటు మూతి పెట్టినట్టు పై ముక్క కింది ముక్కలో దూరితే ఆ జిడ్డు లోపల్లోపలే దిగి స్టవ్‌లో పడి కాలిపోతుంది. తిరగేస్తే ప్రతి జాయింటూ కారుతుంది. మరి పొగ బయటికి రాదా అంటే, చిమ్నీ బాగా లాగుతున్నప్పుడు పైపు లోపలి ఒత్తిడి గదిలోకన్నా తక్కువ. సన్న సందు ఉంటే గది గాలే లోపలికి పోతుంది.

స్టవ్ పూర్తిగా చల్లారాక పైపు విప్పి, లోపలి మసి బ్రష్‌తో దులిపి, కొసలు సరిగ్గా పెట్టి మళ్లీ బిగించండి. ఒక్కో జాయింట్‌కు చుట్టూ సమాన దూరంలో మూడు స్క్రూలు వేయాలి. పైపు వ్యాసం స్టవ్ పైనున్న కాలర్‌కు, అంటే పైపు తగిలించే గుండ్రటి మూతికి, సరిపోవాలి. కాలర్ 6 అంగుళాలైతే మధ్యలో ఎక్కడా 5 అంగుళాలకు తగ్గించకండి. అడ్డంగా వెళ్లే భాగం ఉంటే చిమ్నీ వైపు అడుగుకు కనీసం పావు అంగుళం చొప్పున పైకి లేస్తూ ఉండాలి, పైపు పొడవునా ఉండే అతుకు పై వైపుకు రావాలి. 90 డిగ్రీల ఎల్బోలు (వంపు ముక్కలు) రెండు మించితే పొగ లాగడం మందగిస్తుంది. వీలైతే 45 డిగ్రీలవి వాడండి.

ఇంత త్వరగా జిడ్డు చేరిందంటే కట్టెల్లో తడి కూడా ఉండి ఉండాలి. తేమ మీటర్ ఒకటి కొనండి. కట్టెను అప్పటికప్పుడు చీల్చి, ఆ కొత్త ముఖం మీద గుచ్చి చూడండి. 20 శాతం లోపు ఉంటేనే వాడండి. గాలి మూసేసి రాత్రంతా కునికే మంట పెట్టే అలవాటుంటే మానుకోండి. పేరుకున్న క్రియోసోట్ అంటుకుంటే చిమ్నీయే మండుతుంది. నాకు అన్నిటికన్నా భయం దాని గురించే.

ప్రశ్న: ఇదే పైపును చెక్క గోడకు రంధ్రం చేసి బయటికి పంపొచ్చా?

వద్దండీ. ఒకే పొర పైపు గదిలో స్టవ్‌ను చిమ్నీకి కలపడానికే. మండే వస్తువులకు అది 18 అంగుళాల దూరంలో ఉండాలి. రెండు పొరల పైపుకు సాధారణంగా 6 అంగుళాలు చాలు, కచ్చితమైన కొలత దాని మాన్యువల్‌లో ఉంటుంది. గోడ, సీలింగ్, అటక దాటే చోట మాత్రం ఇన్సులేషన్ ఉన్న చిమ్నీ పైపు, దానికోసం చేసిన ఫిట్టింగే కావాలి. ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క మెల్లగా మారిపోయి మామూలుకన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. అందుకే మొదటి ఏడాది ఏమీ కాలేదని ధీమాగా ఉండలేం. చిమ్నీ కొస పైకప్పు దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు ఉండాలి, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుగా కూడా ఉండాలి. మీ ప్రాంతంలో అనుమతి, తనిఖీ నిబంధనలుంటే ముందే కనుక్కోండి.

ప్రశ్న: గాల్వనైజ్డ్ పైపు మిగిలి ఉంది, పనికొస్తుందా?

పనికిరాదు. బాగా వేడెక్కితే జింక్ పూత నుంచి హానికరమైన పొగలు వస్తాయి. స్టవ్‌ల కోసం చేసిన నల్ల స్టీల్ పైపు, 24 గేజ్‌ది తీసుకోండి. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. కొత్త పైపు మీది పెయింట్ మొదటి రెండు మూడు సార్లు వాసనేస్తుంది, అప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి.

ప్రశ్న: ఫోన్‌కు మెసేజ్ పంపే కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనాలా, మామూలుది చాలా?

ఏదైనా ఫరవాలేదు, తప్పకుండా ఒకటి ఉండాలి. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. స్మార్ట్ అలారం కొంటే వై-ఫై లేకపోయినా, కరెంటు పోయినా దానంతట అదే గట్టిగా మోగేదాన్ని ఎంచుకోండి. స్టవ్ ఉన్న గదిలో ఒకటి, నిద్రపోయే చోటికి దగ్గరగా మరొకటి పెట్టి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి. సెన్సర్‌కు గడువుంటుంది. అలారం మీద ముద్రించిన తేదీని చూసి, అది దాటకముందే మార్చండి.