దేవుణ్ణి నమ్మని నేస్తం ఉన్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

దేవుడు లేడనే స్నేహితుడితో తిరిగితే నీ విశ్వాసం పాడవుతుందని ఇంట్లో వాళ్లు భయపడుతున్నారనీ, ఏం చేయమంటారనీ అడిగావు. స్నేహం మానొద్దు. కాకపోతే అతనితో ఎలా మాట్లాడాలో, మాట్లాడి ఇంటికొచ్చాక ఏం చేయాలో నేర్చుకో. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు. నష్టం అక్కడే జరుగుతుంది.

ముందు అతణ్ణి మార్చేయాలన్న పట్టుదల పక్కన పెట్టు. గెలవాలని కూర్చున్నవాడు ఎదుటివాడి మాట వినడు, అతనెప్పుడు ఆపుతాడా అని చూస్తుంటాడు. అతని కోసం రోజూ ప్రార్థన చెయ్యి. అయితే వాదనలో చిక్కినప్పుడు "నీకోసం ప్రార్థిస్తాలే" అని అతని మీద విసరకు. 1 పేతురు 3:15 మనందరికీ కంఠస్థమే. సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నది గుర్తుంటుంది, 'సాత్వికముతోను భయముతోను' అన్నది మాత్రం జారిపోతుంది. పైగా ఆ వచనం అడిగినవాడికి చెప్పమంది, అడగనివాడి వెంటపడమనలేదు. మీరు కలిసినప్పుడు ఎక్కువసేపు దేవుడి ప్రస్తావన లేకుండా గడిచినా తప్పేం లేదు. అది స్నేహమే కదా.

అతను ప్రశ్న వేశాక వెంటనే జవాబు చెప్పకు. అతని ప్రశ్నను నీ మాటల్లో తిరిగి అతనికే చెప్పు. "ఆఁ, నేనడిగింది అదే" అని అతను అనేదాకా చెప్పు. అలా చేస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. ఆ తర్వాత అది ఎలాంటి ప్రశ్నో చూడు. పసిపిల్లలకు కేన్సర్ ఎందుకొస్తుందని అడిగాడనుకో. దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 అందుకోకు. "ఎవరికైనా బాగోలేదా?" అని అడుగు. అతని ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో ఉంటే బైబిలు మూసేసి అతనితో వెళ్లి కూర్చో. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు (యోబు 2:13). అంతవరకు వాళ్లు చేసింది మంచి పనే. నోరు తెరిచాకే దారి తప్పారు. చివర్లో, 42:7లో, దేవుడు తప్పుబట్టింది తనను వెనకేసుకొచ్చిన ఆ స్నేహితులనే. తనను నిలదీసిన యోబు యుక్తంగా పలికాడన్నాడు. నీ నేస్తం వేసిన ప్రశ్న మనసులో పెట్టుకుని ఆ గ్రంథం మొదటినుంచి చదువు. ఇన్నాళ్లూ వేగంగా దాటేసిన అధ్యాయాలు అప్పుడు నిన్ను ఆపుతాయి. 88వ కీర్తన కూడా చదువు. చీకటితోనే ముగిసే ఆ మొరను ఆరాధనలో పాడుకునే కీర్తనల మధ్యే ఉంచారు.

కొన్ని ప్రశ్నలు సమాచారానికి సంబంధించినవి. "మార్కు సువార్త చివరి భాగం తర్వాత ఎవరో చేర్చారటగా?" అంటాడు. ఇక్కడ చాలామంది కోప్పడతారు, లేదా శత్రువుల ప్రచారమని కొట్టిపారేస్తారు. ఆ రెండూ చేయకు. 16వ అధ్యాయం తెరిచి, 9వ వచనం దగ్గర నీ బైబిల్లో బ్రాకెట్లో, కింద గమనికో ఉందేమో చూడు. 4వ శతాబ్దపు రాతప్రతులు సినాయ్‌టికస్, వాటికానస్ రెండూ 8వ వచనం దగ్గరే ఆగిపోతాయి. 9 నుంచి 20 వరకు ఉన్న 12 వచనాలు వాటిలో లేవు. కాబట్టి "నువ్వన్నదాంట్లో నిజముంది" అని ఒప్పుకో. ఒప్పుకున్నంత మాత్రాన ఓడిపోలేదు. ఆ తర్వాత నీకోసం నువ్వు వెతుకు. ఆయన లేచాడన్న మాట 16:6లోనే ఉంది. 1 కొరింథీ 15:3-8లో పౌలు తనకు అందినదాన్నే అప్పగించానంటూ ప్రభువు ఎవరెవరికి కనిపించాడో వరసగా చెబుతాడు. పౌలు రాసిన ఆ ఉత్తరం సుమారు క్రీ.శ. 55 నాటిదని పండితుల్లో ఎక్కువమంది అంటారు. నీ నమ్మకం ఆ 12 వచనాల మీద ఆధారపడలేదని అప్పుడు నీకే తెలుస్తుంది. అతను అడగకపోతే ఆ పేజీ దగ్గర నువ్వు ఆగేవాడివి కాదు.

సంఘంలో పెద్దలు చేసిన అన్యాయం గురించి, డబ్బు గురించి అడిగితే వెనకేసుకు రావద్దు. నిజమైతే నిజమని చెప్పు. న్యాయం లేని పండుగలూ పాటలూ దేవుడికి అసహ్యమనే ఆమోసు 5:21-24 చూపించు, అతనికంటే కటువుగా ప్రవక్తే అన్నాడు.

ఇంటికొచ్చాక చేయాల్సిన పనికి ఒక నోట్‌బుక్ పెట్టుకో. ప్రశ్నను అతని మాటల్లోనే రాయి, మెత్తబరచకు. ఒకసారికి ఒక్కటే తీసుకో. సంబంధించిన వచనం ఒక్కటే కాక ముందూ వెనకా అధ్యాయాలు చదువు. నమ్మేవాడు రాసినదొకటి, నమ్మనివాడు రాసినదొకటి చూడు. తర్వాత ప్రశ్నంటే చిరాకుపడని పాస్టరుగారినో, సంఘంలో చదువుకున్న పెద్దనో అడుగు. వారం రెండు వారాల్లో అతని దగ్గరికి వెళ్లి దొరికింది చెప్పు. దొరక్కపోతే "ఇంకా దొరకలేదు" అని చెప్పు. జవాబు చెప్పకుండా తప్పించుకునేవాణ్ణే అతను నమ్మడు. అర్ధరాత్రి ఫోన్లో వాదోపవాదాల వీడియోలు మాత్రం చూడకు. వాటిలో ఎదుటివాడి నోరు మూయించే మాటలు దొరుకుతాయి, నీకు అర్థమైంది మాత్రం ఏమీ ఉండదు.

నువ్వూ అతన్ని అడుగు. ఇది తప్పు, ఇది ఒప్పు అని అతను దేన్నిబట్టి నిర్ణయిస్తాడు? చావు గురించి ఏమనుకుంటాడు? ఉచ్చు పన్నడానికి కాకుండా తెలుసుకోవడానికి అడుగు. అతని నిజాయితీ చూసి, నువ్వు అలవాటుగా అనే "ఆమేన్"లో ఎన్ని ఆలోచించి అన్నవో నీకు నువ్వే లెక్క చూసుకుంటావు.

సందేహం నీలోకే వస్తే భయపడకు, ఆదివారం ఆరాధన మాత్రం మానకు. తోమా సంగతి చూడు. ప్రభువు లేచాడని తోటి శిష్యులు చెప్పింది నమ్మలేదు, అయినా ఎనిమిది రోజుల తర్వాత వాళ్ల మధ్యే ఉన్నాడు (యోహాను 20:26). అతను వెళ్లిపోలేదు, వాళ్లూ వెళ్లగొట్టలేదు. ప్రభువు అక్కడికే వచ్చాడు. ప్రార్థనలో మాటలు రాకపోతే మార్కు 9:24లో, బాధపడుతున్న కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి "నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సాయం చెయ్యి" అని వేసిన కేక చాలు.

ఒకటి గమనించుకో. వాదనలు పోగేసుకుంటూ, ప్రార్థన మానేసి వారాలు గడిచిపోతుంటే కొన్నాళ్లు ఆ చర్చలకు విరామం ఇవ్వు, స్నేహానికి కాదు. నలుగురిలో అతను వేళాకోళం చేస్తే అక్కడ జవాబివ్వకు, విడిగా ఉన్నప్పుడు మాట్లాడు. అతను ఎప్పటికీ నమ్మకపోవచ్చు కూడా. దానికి గడువు పెట్టకు.

ఈ వారం అతను అడిగినవాటిలో నిన్ను ఎక్కువగా తొలిచిన ప్రశ్న ఏదో, అతని మాటల్లోనే రాసి పంపు. ఇద్దరం కలిసి చదువుదాం.

ప్రభువునందు,
నీ అన్న